యుద్ధ ప్రాంతపు ఖనిజాన్ని కొనడం మానేస్తే బాలలకు రక్షణ దొరుకుతుందా?

కర్నూలు పాఠకుడు:
తూర్పు కాంగోలో సాయుధ దళాల పెత్తనం సాగే గనుల్లో పిల్లలు కోల్టాన్ అనే ఖనిజాన్ని తవ్వుతున్నారు, మూటలు మోస్తున్నారు. దాని నుంచి తీసిన టాంటలం అనే లోహం మన ఫోన్లలోకి చేరుతోంది. ఇటువంటి పనిని తక్షణమే నిషేధించి నిర్మూలించాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 182వ ఒడంబడికను 2020 నాటికి 187 సభ్య దేశాలూ ఆమోదించాయి. కాబట్టి అక్కడి ఖనిజాన్ని కంపెనీలు కొనడం పూర్తిగా మానుకోవాలని నేనంటాను.

ఆదోని ఉపాధ్యాయిని:
అయ్యా, మీ ఆవేదన నాకూ ఉంది, కానీ మీరు కోరినది ఒకసారి జరిగిపోయింది. 2010లో అమెరికా చేసిన డాడ్-ఫ్రాంక్ చట్టం కాంగో ఖనిజాన్ని కొనవద్దనలేదు, అది ఎక్కడిదో వెల్లడించమంది. అయినా చాలామంది కొనుగోలుదారులు ఆ ప్రాంతాన్నే వదిలేశారు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి మరుసటి మార్చి దాకా కాంగో ప్రభుత్వం కూడా అక్కడ తవ్వకాలను ఆపివేసింది. ఇళ్లకు కూలి డబ్బు రాకుండా పోయింది. గనుల చుట్టుపక్కల ఊళ్లలో శిశు మరణాలు పెరిగాయని తరువాత పరిశోధకులు తేల్చారు. మా కోసిగి వైపు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస పోయే తల్లిదండ్రులు పిల్లలనూ వెంట తీసుకుపోతారు. పొలం యజమానిని నిందించినందుకు ఒక్క పిల్లా వెనక్కి రాలేదు. ఊళ్లో సీజనల్ హాస్టల్ తెరిచి, అన్నం పెట్టి, రాత్రి తోడుండే మనిషిని నియమించిన ఏడాది మాత్రం నా తరగతిలో పిల్లలు నిలిచారు.

నంద్యాల రైతు:
అమ్మా, విత్తన పత్తి పండించిన ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఒక మాట చెప్పాలి. క్రాసింగ్ పనికి, అంటే ఒక రకం పత్తి పువ్వు పుప్పొడిని మరో రకం పువ్వుకు చేత్తో అద్దడానికి, ఆడపిల్లలను పొద్దున్నే చేలకు పిలిచేవాళ్లం. ఎవరైనా అడిగితే వాళ్ల ఇల్లు గడవాలి కదా అనేవాళ్లం. పెద్దలకైతే ఎక్కువ కూలి ఇవ్వాలి కనుక ఆ సమాధానం మాకే లాభంగా ఉండేది. బయటి ఒత్తిడి పెరిగాక కొన్ని విత్తన కంపెనీలు పెద్దలతోనే పని చేయించిన రైతుకు అదనపు ధర ఇవ్వసాగాయి. వదిలి వెళ్లిపోవడం వేరు, ఉండి ధర పెంచి షరతు పెట్టడం వేరు.

ఆదోని ఉపాధ్యాయిని:
ఆ తేడాను ఒప్పుకుంటాను. అయితే మీ చేనికి తనిఖీకి మనిషి వెళ్లగలడు. 2024లో ఎం23 తిరుగుబాటుదారుల చేతిలోకి వెళ్లిన తూర్పు కాంగోలోని రుబాయా కోల్టాన్ గనికి ఎవరు వెళ్తారు? అక్కడ పెంచిన ధర తవ్వేవాడికి చేరకముందే తుపాకీ పట్టినవాడు పన్నుగా వసూలు చేసుకుంటాడు.

కర్నూలు పాఠకుడు:
అలాగైతే నా వాదనను సవరించుకుంటాను: సాయుధుల చేతిలో ఉన్న గని ఖనిజాన్ని కొనరాదు, తక్కిన గనులను మాత్రం వదిలిపోరాదు. కొనుగోలు ఆగిన ఊళ్లలో పిల్లల బడికీ భోజనానికీ అయ్యే ఖర్చును, ఇన్నాళ్లూ ఆ ఖనిజంతో లాభపడిన కంపెనీలే భరించాలని కూడా అంటాను.