యూట్యూబ్ పని అయిపోయిందా? చిన్న ఛానళ్లోళ్లు ఏమంటరు

మోటర్_వైండింగ్_అన్న:
అందరికి నమస్తే. మాది హుజూరాబాద్ దగ్గర ఊరు, బోరు మోటర్ల వైండింగ్ షాపు నాది. పక్క జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షోల గంగవ్వను చూసినంక, ఊర్లుండేటోళ్లు గూడ చెయ్యొచ్చన్న ధైర్యమొచ్చి 2019ల ఛానల్ పెట్టిన. మోటర్ కాలిందా, కెపాసిటర్ పోయిందా, స్టార్టర్ ఎందుకు పడిపోతుంది, రైతు షాపుకు రాకుండనే ఎట్ల తెల్సుకోవాలె, ఇవే చెప్త. 61 వేల మంది సబ్‌స్క్రైబర్లున్నరు. రెండేండ్ల కింద ఏ వీడియో పెట్టినా వారంల 20 వేల వ్యూస్ దాటేది, ఇప్పుడు 2 వేలొస్తె ఎక్కువ. అప్పుడు నెలకు 14, 15 వేల రూపాయలు వచ్చేటివి, ఇప్పుడు 100 డాలర్లు నిండనీకె మూడు నెలలు పడుతుంది, అవి నిండకపోతె బ్యాంకులకు పైసలు రావు కద. మా తమ్ముడు షార్ట్స్ (గా చిన్న నిలువు వీడియోలు) పెట్టు రీచ్ పెరుగుతది అంటె పోయిన ఏడాది 80 దాక పెట్టిన, ఒకటి 9 లక్షలు పోయింది, దానికి వెయ్యి రూపాయలు గూడ రాలే. ఎవర్నీ తిట్టనీకె ఇది పెడ్తలేను. నేను చేసుడులనే తప్పుందా, యూట్యూబ్‌ల చిన్నోళ్ల టైం అయిపోయిందా, తెలిసినోళ్లు చెప్పుండ్రి. పొద్దంత షాపుల పనిజేసి రాత్రి 11 దాక ఎడిటింగ్ చేస్తున్న, ఇంట్ల ఆమె ఆపెయ్యమంటుంది.

ఎడిటింగ్_టేబుల్:
అన్నా నేను హైదరాబాద్‌లో నాలుగు తెలుగు ఛానళ్లకి ఎడిటింగ్ చేస్తా, అందరి అనలిటిక్స్, అంటే ఎవరు ఎంత చూశారు, ఎంత వచ్చింది అనే లెక్కలు, రోజూ చూస్తూనే ఉంటా. మొత్తంగా పడిపోతోంది అంటే నేను ఒప్పుకోను. 2025 మేలో ముంబైలో వేవ్స్ సదస్సులో యూట్యూబ్ సీఈఓ నీల్ మోహన్ చెప్పింది ఏంటంటే, అంతకుముందు మూడేళ్లలో మన దేశంలో 21,000 కోట్లకు పైగా ఇచ్చాం, వచ్చే రెండేళ్లలో ఇంకో 850 కోట్లు పెడతాం అని. కానీ ఆ 21,000 కోట్లు క్రియేటర్లు, ఆర్టిస్టులు, మీడియా కంపెనీలు అందరికీ కలిపి. అంటే టీవీ వాళ్లు, పాటల కంపెనీలు, నువ్వు, అందరూ ఒకే పళ్లెంలో తింటున్నారు. డబ్బు తగ్గలేదు, పంక్తిలో కూర్చున్నవాళ్లు పెరిగారు.

షార్ట్స్ సంగతి వేరు. లాంగ్ వీడియోలో నీ వీడియో మీద వచ్చిన యాడ్ డబ్బులో 55 శాతం నీది. షార్ట్స్‌లో యాడ్ నీ వీడియో మీద పడదు, స్క్రోల్ చేస్తుంటే వీడియోకీ వీడియోకీ మధ్యలో పడుతుంది, ఆ డబ్బంతా ఒక దగ్గర పోసి, పాటల వాళ్ల వాటా తీసి, మిగిలింది వ్యూస్‌ని బట్టి పంచి అందులో 45 శాతం ఇస్తారు. 2023 ఫిబ్రవరి నుంచి ఇదే పద్ధతి. పైగా 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే అవడం మొదలైతే చాలు వ్యూ కింద లెక్కేస్తున్నారు, డబ్బు లెక్క మాత్రం ఎంగేజ్డ్ వ్యూస్ మీదే, అంటే దాటేయకుండా ఆగి చూసినవాటి మీదే. కాబట్టి నీకు కనిపించే 9 లక్షల్లో డబ్బు లెక్కలోకి వచ్చింది ఎంతో యూట్యూబ్ స్టూడియో యాప్‌లో విడిగా చూడు, అప్పుడు నీకే అర్థమవుతుంది.

గోదారమ్మాయి:
తమ్ముడూ, పైన బ్రదర్ చెప్పిన లెక్కలు కరెక్టే గానీ కొత్తగా వచ్చేవాళ్లకి ఇప్పుడు చాలా కష్టంగా ఉందండి, ఆ మాట కూడా ఒప్పుకోవాలి. నాది వంటల ఛానల్, కాకినాడ. గుడివాడ మస్తానమ్మ గారు పొలం గట్టు మీద కట్టెల పొయ్యి పెట్టి వండుతుంటే ప్రపంచమంతా చూసింది కదా, ఆవిడకి థంబ్‌నెయిల్ లేదు ఏం లేదు, గోటితో అల్లం పొట్టు తీస్తుంటే అలా చూస్తూ ఉండిపోయేవాళ్లం. ఆవిడ 2018 డిసెంబర్‌లో పోయారు, నేను తర్వాతి ఏడాది మొదలుపెట్టాను. మొదట్లో పులస పులుసు పెడితే చాలు జనం వాళ్లంతట వాళ్లే వచ్చేవాళ్లు. ఇప్పుడు మొదటి 20 సెకన్లలో మసాలా పొగ కనిపించకపోతే వెళ్లిపోతున్నారు.

షార్ట్స్ విషయంలో నేను చేసిన తప్పే మీరూ చేసినట్టున్నారు. నాకు షార్ట్స్ వల్ల 40 వేల మంది సబ్‌స్క్రైబర్లు వచ్చారండి, వాళ్లలో ఒక్కరు కూడా 12 నిమిషాల వీడియో చూసే రకం కాదు. అంకె పెరిగింది గానీ లాంగ్ వీడియో పెడితే పాత జనమే వస్తున్నారు. ఇంకోటి, నెలనెలా డబ్బు చూసి భయపడకండి. దసరా, దీపావళి, క్రిస్మస్‌కి కంపెనీలు యాడ్స్ గుప్పిస్తాయి, జనవరి రాగానే ఒక్కసారిగా పడిపోతుంది. నేను మొదటి సంక్రాంతికి అది చూసి ఛానల్ పోయిందనుకుని ఏడ్చేశాను. ఇప్పుడు నా ఇల్లు గడిచేది యాడ్ డబ్బుతో కాదు, పచ్చళ్ల ఆర్డర్లతో. వీడియో చూసి ఫోన్ చేస్తారు, నేను పంపిస్తాను.

ఫ్రిస్కో_నుంచి:
నేను క్రియేటర్‌ని కాదు, చూసేవాడిని. ఉండేది డాలస్ పక్కన, నాన్నగారు సిద్దిపేట దగ్గర ఊళ్లో వ్యవసాయం. మొన్న ఎండాకాలంలో స్టార్టర్ మాటిమాటికీ పడిపోతోందని ఫోన్ చేస్తే నాకు ఏం తెలుసు, తెలుగులో వెతికి ఒక పాత వీడియో దొరికితే వాట్సాప్‌లో పంపాను, అందులో చెప్పినట్టు చూస్తే ఒక ఫేజ్ రావట్లేదని తేలింది, మోటార్ కాలకుండా దక్కింది. ఆ వీడియో మీదే అని నేను అనను, ఎవరిదో గుర్తులేదు, కానీ అది చేసినాయనకి నాన్నగారు ఇప్పటికీ దండం పెడతారు. రేటు విషయానికొస్తే అమెరికాలో చూసిన వ్యూకి యాడ్ రేటు ఎక్కువ, అందుకే వంటల ఛానళ్లకి మాలాంటి వాళ్ల వల్ల లాభం. ఆ అమెరికా వాటా మీద 15 శాతం ట్యాక్స్ పోతుంది, యాడ్‌సెన్స్‌లో (గూగుల్ యాడ్ డబ్బు పంపే ఖాతా) ట్యాక్స్ ఫారం నింపకపోతే మొత్తం సంపాదన మీద 24 శాతం దాకా పట్టుకోవచ్చు, అది నింపారో లేదో చూసుకోండి. మీ వీడియోలు చూసేది రైతులు, మన ఊళ్లో వ్యూకి యాడ్ రేటు తక్కువే, దాంట్లో మీ తప్పేం లేదు.

చిన్నకథలు:
నేను మాత్రం వేరే చెప్తా. కంప్యూటర్ గొంతుతో రోజుకి పది వీడియోలు దించేవాళ్లు ఎక్కువైపోయారు, నేను ఒక కథకి మూడు రోజులు కష్టపడి చదివి పెడితే అవతల అదే కథ మర్నాడు మిషన్ గొంతులో వస్తుంది, కడుపు మండిపోతుంది. 2025 జూలై 15 నుంచి యూట్యూబ్ రూల్‌లో పేరు మార్చి ఇనాథెంటిక్ కంటెంట్ అన్నారు, మూసలో పోసినట్టు చేసేవాటికి మానిటైజేషన్, అంటే యాడ్ డబ్బు, ఉండదన్నారు. అది గట్టిగా అమలు చేస్తేనే మనం బతుకుతాం.

మోటర్_వైండింగ్_అన్న:
అందరికి చాన థ్యాంక్స్, రాత్రి కూసొని మీరు చెప్పినట్టే ఒక్కొక్కటి చూసిన. అక్కా నువ్వు చెప్పింది అచ్చం నిజం, షార్ట్స్‌తోని వచ్చినోళ్లు లాంగ్ వీడియోల దిక్కే వస్తలేరు. నేను కొత్త వీడియోల అంకెలే చూసుకుంట బాధపడుతున్న గని, పోయిన 28 రోజులల్ల ఎక్కువ చూసింది 2020ల పెట్టిన స్టార్టర్ వీడియో, సగం కంటె ఎక్కువ సెర్చ్‌ల నుంచే. అది చేసినప్పుడు నాకు మైక్ గూడ లేకుండె. ఇంకోటి షాపు బుక్కు తీసి చూసిన, పోయిన నెల వీడియో చూసి వచ్చిన అన్నోళ్లు 11 మంది, అండ్ల ఒకాయన మంథని నుంచి 5 హెచ్‌పీ మోటర్ ఆటోల ఏసుకొచ్చిండు. గా పైసలు నేను యూట్యూబ్ లెక్కల ఎన్నడు ఎయ్యలే. ఫ్రిస్కో అన్నా, ట్యాక్స్ ఫారం నేను నింపలేదు, ఇయ్యాలనే నింపుత.

షార్ట్స్ బంద్ చేస్తున్న. వారానికి ఒకటి కాదు, నెలకు రెండే చేస్త, కని రైతులు షాపుకొచ్చి అడిగేటివే చేస్త. ముందుగాల బోరుల దించే కేబుల్‌కు జాయింట్ ఎట్ల ఎయ్యాలె అన్నది, నీళ్లు పోయి మోటర్లు కాలేది ఎక్కువ ఆడనే. అది టేబుల్ మీద చూపియ్యాల్నా, బాయికాడ మోటర్ ఎల్లదీసినప్పుడు చూపియ్యాల్నా? ఎవుసం చేసేటోళ్లు ఎవరన్న ఉంటె చెప్పుండ్రి.