ఏడీహెచ్‌డీ ఉన్న ఎనిమిదేళ్ల బాబుకు సాయంత్రం పూట కోపం ఆగడం లేదు, ఇంట్లో మేమేం చేయాలి?

ప్రశ్న

నమస్కారం. మా బాబుకు ఎనిమిదేళ్లు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) ఉందని ఆరు నెలల క్రితం నిర్ధారణ అయింది. ఉదయం మందు వేసుకుంటున్నాడు. తరగతిలో మునుపటికంటే కుదురుగా కూర్చుంటున్నాడని టీచర్లు చెబుతున్నారు. మా కష్టమంతా సాయంత్రాలదే. ట్యాబ్ పక్కన పెట్టమన్నా, హోంవర్క్ పుస్తకం తీయమన్నా క్షణంలో కోపం కట్టలు తెంచుకుంటుంది. అరుస్తాడు, చేతికి అందింది విసురుతాడు, ఒక్కోసారి ఐదేళ్ల చెల్లెలిని కొడతాడు. అరగంట గడిచాక వాడే వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని, "నేను చెడ్డవాణ్నా అమ్మా?" అని ఏడుస్తాడు. గట్టిగా శిక్షిస్తే తప్ప దారికి రాడని మావారి అభిప్రాయం. వారం రోజులు ట్యాబ్, ఆటలు అన్నీ ఆపి చూశాం. గొడవలు ఇంకా పెరిగాయి. మేం గారాబం చేసి చెడగొడుతున్నామా, లేక వాడికి చేతకానిదాన్ని చేయమంటున్నామా అన్నది నాకు తేలడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం (పదకొండేళ్ల పాప తండ్రి)

మేమూ శిక్షలతోనే మొదలుపెట్టాం కనుక మీవారిని నేను తప్పుపట్టలేను. అయితే వారం రోజుల శిక్ష మా పాప విషయంలో రెండో రోజుకే పనికిరాకుండా పోయింది. పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలనప్పుడు బాగుండాలన్న ప్రయత్నమే మానేసింది.

మా ఇంట్లో మార్పు వచ్చింది గొడవకు ముందుండే ఐదు నిమిషాలను పట్టించుకున్నాకే. పక్క గదిలోంచి "ఇక ఆపు" అని కేక వేయడం మానేశాను. ఆమె పక్కన కూర్చుని, ఏం ఆడుతోందో ఒక నిమిషం చూసి, "ఈ ఆట అవగానే ట్యాబ్ నా చేతికివ్వు" అని ఒక్క మాటే చెబుతాను. మిగిలిన సమయం కరిగిపోవడం కంటికి కనిపించేలా ఒక టైమర్ ఎదురుగా ఉంచుతాం, ఎందుకంటే "ఇంకో పది నిమిషాలు" అన్న మాట ఈ పిల్లల చెవిన పడుతుంది గానీ ఆ పది నిమిషాలు గడిచిపోతున్న సంగతి వారికి తెలియదు. ట్యాబ్ నుంచి నేరుగా హోంవర్క్‌కు కూర్చోబెట్టకుండా మధ్యలో కాసేపు పరుగో, సైకిలో పెట్టండి. స్కూల్ నుంచి రాగానే ఏదైనా తినిపించి, అరగంట పాటు ఏ ప్రశ్నా వేయకండి. పగలంతా తనను తాను బిగబట్టుకుని వచ్చిన పిల్లవాడు ఆ బరువు దించుకునేది మీ దగ్గరే.

ఇంకో సంగతి. అరిస్తే ట్యాబ్ తిరిగి ఇవ్వడం మేము మానేసిన మొదటి వారంలో అరుపులు తగ్గకపోగా ఎక్కువయ్యాయి. అప్పుడు లొంగిపోతే, ఎంత గట్టిగా అరిస్తే దొరుకుతుందో మనమే నేర్పినట్టవుతుంది.

రెండో సమాధానం (పిల్లల మానసిక నిపుణురాలు)

గారాబమా, చేతకాకపోవడమా అని అడిగారు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మెదడు పైపొరలో సగభాగం తన గరిష్ఠ మందాన్ని చేరే మధ్యస్థ వయసు మిగతా పిల్లల్లో 7.5 ఏళ్లయితే, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో 10.5 ఏళ్లని తేలింది. మెదడు ఎదుగుదలలో ఈ ఆలస్యం ఎక్కువగా కనిపించింది నుదుటి వెనుక భాగంలో, అంటే తొందరపాటును ఆపుకోవడానికి తోడ్పడే చోట. దీనికీ తెలివికీ సంబంధం లేదు. కొట్టకూడదని మీ బాబుకు తెలుసు. ఆ తెలిసినది కోపం వచ్చిన క్షణంలో అక్కరకు రావడం లేదు. అందుకే గొడవ మధ్యలో చెప్పే నీతులు వృథా. అప్పుడు చెల్లెలిని వేరే గదికి పంపి, "కొట్టనివ్వను" అని తక్కువ గొంతుతో ఒక్కసారి చెప్పి, వాడికి కనిపించేంత దూరంలో మౌనంగా ఉండండి. మెచ్చుకోలు మాత్రం వెంటనే, చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. "మంచివాడివి" అనే కన్నా "పిలవగానే ట్యాబ్ ఇచ్చావు" అన్నది వాడికి ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆదివారం దొరికే బహుమతి సోమవారం నాటి పిల్లవాడికి చాలా దూరం.

సాయంత్రం మందు ప్రభావం దిగిపోయేటప్పుడు కొందరు పిల్లల్లో చిరాకు పెరుగుతుంది. రెండు వారాల పాటు మందు వేసిన వేళ, తిన్న వేళ, గొడవ మొదలైన వేళ రాసి మీ డాక్టరుకు చూపించండి. మోతాదు మీ అంతట మీరు మార్చవద్దు. ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో మందుతో పాటు, వారి ప్రవర్తనను ఎలా దిద్దాలో తల్లిదండ్రులకు నేర్పే శిక్షణ కూడా ఉండాలని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ శిక్షణ గురించి అడగండి, వీలైతే మీవారితో కలిసి వెళ్లండి. ఇద్దరూ ఒకే మాట మీద ఉండటం దీనిలో సగం పని. ఈ వయసులో 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, అది తగ్గుతోందేమో కూడా చూడండి.

మూడో సమాధానం (పెద్దయ్యాక నిర్ధారణ అయిన వ్యక్తి)

మీ బాబు అడిగిన ప్రశ్న చిన్నప్పుడు నేనూ అడిగాను, కాకపోతే ఎవరికీ వినిపించకుండా. అందరూ తిట్టినవి మరచిపోయాను గానీ, నేనే చెడ్డవాణ్ననే నమ్మకం మాత్రం చాలా ఏళ్లు పోలేదు. వాడు ఒళ్లోకి వచ్చినప్పుడు "లేదు నాన్నా, నీకు చాలా కోపం వచ్చింది, ఆపుకోవడం కష్టమైంది" అని చెప్పండి. అలాగని జరిగినదాన్ని వదిలేయకండి. విసిరిన బొమ్మలు ఇద్దరూ కలిసి తీయండి, చెల్లెలికి ఏం చేస్తే ఊరట కలుగుతుందో వాడినే అడగండి. బలవంతపు క్షమాపణ నాకు అవమానంగానే గుర్తుంది. సరిదిద్దే అవకాశం దొరికిన ఒకటి రెండు సార్లు మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

ప్రశ్న వేసిన తల్లి

ముగ్గురికీ ధన్యవాదాలు. ఇవన్నీ మావారికి చదివి వినిపించాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు గానీ, వేళలు రాసే పుస్తకం తానే తెస్తానన్నారు. పాప గురించి ఒక్క సందేహం ఉంది. అన్నయ్య అరవగానే అది మంచం కిందికి దూరుతోంది. దానికి ఏం చెప్పాలి?

రెండో సమాధానమిచ్చిన నిపుణురాలు

"నీ తప్పేమీ లేదు, నిన్ను కాపాడటం మా పని" అని చెప్పి, గొడవ మొదలైతే ఏ గదికి వెళ్లాలో ప్రశాంతంగా ఉన్నప్పుడే చూపించండి. రోజుకు ఒక పది నిమిషాలు అన్నయ్య ప్రస్తావన లేకుండా తనతో మాత్రమే గడపండి. రెండు వారాల తరువాత కూడా అలాగే దాక్కుంటుంటే ఆ విషయమూ డాక్టరుకు చెప్పండి.