అప్‌డేట్: ఫండ్లు అమ్మేయాలా అని అడిగాను, చివరికి అమ్మలేదు

2020 మార్చి 23న షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 3,934 పాయింట్లు కూలిన రాత్రి, "రిటైర్‌మెంటుకు రెండేళ్లే ఉంది, మ్యూచువల్ ఫండ్లన్నీ అమ్మేయాలా?" అని అడిగాను. అమ్మలేదు. "వచ్చే మూడేళ్లలో ఈ డబ్బులో ఎంత కావాలి?" అని ఒకరు ఎదురడిగారు. ఆయనకు నమస్కారం. నేనూ మా ఆవిడా కూర్చుని లెక్క వేశాం. ఇంటి ఖర్చు, అమ్మ మందులు, అన్నింటికీ సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనే ఉంది. అంతవరకు ఆ సంగతి చూసుకోనే లేదు! నెలనెలా ఫండ్లలో కొంత వేసే సిప్ కూడా ఆపలేదు, ఏప్రిల్ వాయిదా నాడు మాత్రం గుండె దడదడలాడింది.

నవంబరుకల్లా సూచీ జనవరి గరిష్ఠాన్ని దాటింది. కొంత అమ్మి, 2022లో రిటైరయ్యాక సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో అప్పటి పరిమితి మేరకు 15 లక్షలు వేశాను. 2008 పతనం నుంచి కోలుకోవడానికి సెన్సెక్స్‌కు దాదాపు మూడేళ్లు పట్టింది కనుక, మూడేళ్ల ఖర్చు ఇప్పటికీ విడిగానే ఉంచుతున్నాం.