అమ్మను వృద్ధుల హోమ్‌లో సరిగ్గా చూస్తున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి?

నమస్తే అండి. మా అమ్మకు 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగాక దాదాపు మంచానికే పరిమితమైంది. మల్కాజిగిరిలో మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మేమిద్దరం ఉద్యోగాలకు పోతాం. అందుకే నాలుగు నెలల క్రితం సిటీ శివార్లలో ఒక హోమ్‌లో చేర్పించాం. (బంధువుల మాటలు ఇప్పటికే చాలా పడ్డాను, దయచేసి అవి వద్దు.)

ఆదివారం చెప్పి వెళ్తే అంతా బాగుంటుంది. ఉతికిన దుప్పటి, నున్నగా దువ్విన తల. మొన్న బుధవారం చెప్పకుండా మధ్యాహ్నం మూడింటికి వెళ్లాను. అన్నం పళ్లెం స్టూల్ మీద అలాగే ఉంది, పప్పు ఎండి అట్టకట్టింది. నీళ్ల గ్లాసు అమ్మ చెయ్యి అందనంత దూరంలో ఉంది. నడుము కింద చర్మం ఎర్రబడింది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోవట్లేదు. ఇలా మంచాన ఉన్నవాళ్లకు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సుగా చేసిన మా పిన్ని చెప్పింది. అడిగితే "తిప్పుతున్నాం మేడమ్" అన్నారు, చార్టు మాత్రం చూపించలేదు.

అమ్మేమో "బానే చూస్తున్నారులే" అంటుంది. ఆ "లే" దగ్గరే నాకు అనుమానం.

మీ పెద్దవాళ్లను ఇలా ఉంచినవాళ్లు చెప్పండి. రాత్రిపూట ఒక ఆయాకు ఎంతమంది ఉంటే పర్వాలేదు? మందుల రికార్డు, నెలనెలా బరువు చూపించమని గట్టిగా అడగొచ్చా? వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి ఎవరైనా ఫోన్ చేశారా, పని జరిగిందా? ఫిర్యాదు చేస్తే ఆ కోపం అమ్మ మీద తీర్చుకుంటారేమోనని ఒకటే టెన్షన్.