టేకాఫ్ అవుతానే ఇంజన్ ఆగిపోతే వెనక్కి తిప్పి రన్‌వే మీదే దిగొచ్చు కదా?

కర్నూలు_అన్న:
మా చెల్లెలు పైలట్ ట్రైనింగ్‌లో చేరి మూడు నెలలైంది, సెస్నా 152 నడుపుతాంది. చిన్న విమానం లేస్తానే ఇంజన్ ఆగి పడిపోయిన వీడియో ఒకటి చూసినప్పట్నుంచి మా అమ్మకు నిద్ర లేదు. నాకు అర్థం కాందేమంటే, రన్‌వే ఎనకాలే ఉంది కదా, తిప్పుకొని ఆడనే దిగితే సరిపోదా? తెలిసినోళ్ళు చెప్పండప్పా.

అనంతపురం_పైలట్:
తమ్ముడూ, చానామందిని చంపింది ఆ ఆలోచనే. 180 డిగ్రీలు తిరిగినా నువ్వు రన్‌వే పక్కన ఉంటావు, దాని మీదికి రావాలంటే ఇంకా తిరగాల, మళ్ళీ నేరుగా సరిచేసుకోవాల, అంతసేపూ ఎత్తు కరిగిపోతానే ఉంటుంది. పైగా లేచింది ఎదురుగాలికి, తిరిగినాక అదే గాలి ఎనకనుంచి తోస్తుంది, నేల గబగబా పోతాంటే స్పీడు బాగానే ఉందనిపించి ముక్కు ఎత్తుతారు. స్పీడు మరీ తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు, దాన్నే స్టాల్ అంటారు. విమానాన్ని 45 డిగ్రీలు వంచి తిప్పితే ఆ స్టాల్ స్పీడు సుమారు 19 శాతం పెరుగుతుంది, 60 అయితే 41 శాతం. అప్పుడు ఒక రెక్క ముందు స్టాల్ అయిందంటే గిర్రున తిరిగి పడుతుంది, 300 అడుగుల్లో ఇంక చేసేదేమీ ఉండదు.

ఇంజన్ ఆగినాక మొదటి పని ముక్కు దించడం, 152కి గ్లైడ్ స్పీడు, అంటే ఇంజన్ లేకుండా జారుతా పోవాల్సిన స్పీడు, 60 నాట్లు (గంటకు సుమారు 110 కిలోమీటర్లు). చెప్పడానికి సులువే గానీ నేల ఎదురొస్తాంటే చెయ్యి దానంతటదే కంట్రోల్ వెనక్కి లాగుతుంది. తర్వాత ఎదురుగా, అటూ ఇటూ ఓ 30 డిగ్రీల్లో ఏ చేను కనపడితే ఆ చేను. మన శెనక్కాయ చేన్లయితే చాళ్ళ వెంబడి దిగాల, అడ్డంగా దిగితే ముందు చక్రం తగులుకొని పల్టీ కొడుతుంది. దిగేముందు పెట్రోలు, కరెంటు ఆపేసి తలుపు గడియ తీసి పెట్టుకోవాల, లేకుంటే తలుపు నొక్కుకుపోయి ఇరుక్కుంటారు. విమానం పాడైతే పోనీ, మనిషి నడిచి బయటికొస్తే చాలు.

కడప_మెకానిక్:
అసలు ఆగకుండా చూసుకునేది నేల మీదుండంగానే. బైక్‌కి పెట్రోల్ కాక్ మూసి స్టార్ట్ చేసినారా ఎప్పుడన్నా? కార్బొరేటర్‌లో ఉన్నదాంతో కొంచెం దూరం పోయి సరిగ్గా సర్కిల్ కాడ ఆగుతుంది. విమానమూ అంతే, వాల్వ్ మూసున్నా స్టార్ట్ అయ్యి రన్‌వే దాకా పోయి లేచినాక ఆగొచ్చు.

ఇంకోటి నీళ్ళు. పొద్దున ట్యాంకు అడుగునుంచి గ్లాసులోకి కొంచెం పెట్రోలు తీసి చూస్తారు, విమానం పెట్రోలు లేత నీలం రంగు, నీళ్ళుంటే అడుగున గుండ్రంగా బొట్టు కదులుతా కనపడుతుంది. గ్లాసంతా నీళ్ళే అయితే పెట్రోలుకీ నీళ్ళకీ మధ్య గీత కనపడక శుభ్రంగా ఉందనుకుంటారు, అందుకే రంగు చూడాల, వాసన చూడాల. ఇంక ఎండాకాలం మధ్యాన్నం మన పక్క గాలి పల్చబడుతుంది, విమానం నిదానంగా ఎక్కుతుంది, ఇంజన్ ఆగేసరికి చేతిలో ఎత్తు తక్కువుంటుంది. మీ చెల్లెలు తెల్లారే ఎగిరితే మంచిది.

కర్నూలు_అన్న:
అన్నా ఇద్దరికీ చానా థ్యాంక్స్. రాత్రి ఫోన్లో అమ్మ ముందరే చెల్లెల్ని అడిగినా. ప్రతిసారీ లేచేముందు గట్టిగా చెప్పుకోవాలంట, అప్పజెప్పింది: "రన్‌వే మిగిలుంటే మళ్ళీ దాని మీదే, ఎత్తు తక్కువుంటే ముక్కు దించి ఎదురుగా, ఎడమ పక్క చెరువు, కుడి పక్క బీడు, నేను బీడుకే పోతా." అమ్మ ఆ బీడులో రాళ్ళున్నాయేమో చూసినావా అని అడిగింది. చూసొచ్చిందంట, సైకిలేసుకొని.