వాడిన 40 అడుగుల ట్రైలర్ కొనేముందు కట్టుబడి ఎలా చూడాలి? (బెజవాడ ఆటోనగర్)

గుంటూరు_లోడు:
అందరికీ నమస్కారం. మిర్చి, పత్తి బేళ్ళ కంటైనర్లు గుంటూరు నుంచి చెన్నై పోర్టుకు వేయడానికి 40 అడుగుల ఫ్లాట్‌బెడ్ సెమీ ట్రైలర్ చూస్తున్నాం. మూడు యాక్సిళ్ళు, కమాన్ కట్టలు. ముందు బండి ఉంది, వెనక ట్రైలర్ ఒక్కటే కావాలి. ఆటోనగర్‌లో రెండు చూపించారు. ఒకటి కొత్తగా కడుతున్నారు, ఇంకా రంగు పడలేదు. రెండోది వాడినదే, కొత్తగా పెయింటేసి టైర్లు కూడా మార్చి పెట్టారు. దాని మెడ దగ్గర, అంటే ఫిఫ్త్ వీల్ (ముందు బండి మీద ట్రైలర్‌ని మోసే ప్లేటు) మీద కూర్చునే భాగం దాటి బీము లోతు పెరిగే చోట, రెండు పక్కలా అడుగున్నర పొడుగు ప్లేటు అతికించి ఉంది. అడిగితే "బలం కోసం కొట్టించాం" అంటున్నారు. నమ్మొచ్చా? పైకి చూస్తే రెండూ బాగానే ఉన్నాయి. ఏ కొలతలు తీసుకోవాలి, ఏది కనపడితే వెనక్కి తిరిగి వచ్చేయాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆటోనగర్_వెల్డింగ్:
ముందు ఆ ప్లేటు సంగతి. కొత్తగా కట్టేటప్పుడే వేసిన బలం ప్లేటుకీ, పగులు కనపడకుండా వేసిన ప్లేటుకీ తేడా దాని చివర్లలో తెలుస్తుంది. ప్లేటు చివర నిలువుగా, కత్తిరించిన అట్టలా ఉండి, ఆ నిలువు గీత పొడుగునా వెల్డింగు ఉంటే అది రిపేరే. పైగా సరిగ్గా చేయని రిపేరు. లోడు పడ్డప్పుడు కింగ్ పిన్‌కీ (ఫిఫ్త్ వీల్‌లో ఇరుక్కునే ట్రైలర్ పిన్) యాక్సిళ్ళకీ మధ్య బీము కిందికి వంగుతుంది, కింది ఫ్లాంజ్ (బీము అడుగున ఉండే పట్టీ) సాగుతుంది. ఆ సాగుడుకి అడ్డంగా వెల్డింగు గీత ఉంటే కొత్త పగులు ఆ గీత అంచు నుంచే మొదలవుతుంది. తెలిసినవాళ్ళు వేసిన ప్లేటైతే చివర్లు ఏటవాలుగా, కోసుగా ఉంటాయి, కింది ఫ్లాంజ్ మీద అడ్డ వెల్డింగు ఒక్కటి కూడా ఉండదు.

అమ్మేవాళ్ళని అడిగి ప్లేటు రెండు చివర్లా రెండంగుళాల మేర వైర్ బ్రష్‌తో రంగు గీకించండి. వద్దంటే ఆ బండి వదిలేయండి, ఇంక మాట్లాడే పని లేదు. గీకాక డై పెనెట్రెంట్ డబ్బాలు తెచ్చుకోండి, మూడు స్ప్రేలు ఉంటాయి. క్లీనరుతో జిడ్డు తీసి తుడవండి. ఎర్ర రంగు కొట్టి 10–15 నిమిషాలు ఆగండి. తర్వాత క్లీనరు గుడ్డ మీద పోసుకుని తుడవాలి, నేరుగా బీము మీద కొడితే పగుల్లో చేరిన రంగు కూడా కొట్టుకుపోతుంది. చివర్న తెల్ల డెవలపర్ పల్చగా కొట్టి పది నిమిషాలు చూడండి. పగులు ఉంటే తెలుపు మీద ఎర్రటి గీత తేలుతుంది. సన్న చుక్కలు తేలితే వెల్డింగులో గాలి బుడగలు. గీతంత ప్రమాదం కాదు గానీ ఆ వెల్డింగు చేసిన చేయి ఎలాంటిదో తెలిసిపోతుంది.

డై లేకుండా కంటితోనే పట్టుకోవాలంటే తుప్పు చారలు వెతకండి. పగుల్లోంచి నీళ్ళు కారి కొత్త పెయింటు మీద కూడా గోధుమరంగు చార దిగుతుంది. మెడ దగ్గర, లాండింగ్ లెగ్గు (ముందు బండి విప్పినప్పుడు ట్రైలర్ నిలబడే కాలు) బ్రాకెట్ బీముకి కలిసే చోట, సస్పెన్షన్ మొదటి హ్యాంగర్ (కమాన్ కట్టని బీముకి పట్టే బ్రాకెట్) దగ్గర, క్రాస్ మెంబర్లు (అడ్డ బీములు) వెబ్‌లోకి (బీము నిలువు ప్లేటు) దూరే కంతల మూలల్లో చూడండి. పగుళ్ళు ఎక్కువగా ఈ నాలుగు చోట్లే పుడతాయి.

ఇంకోటి. పాత బండి మీద మందంగా కొత్త చాసిస్ బ్లాక్ రంగు పూసి ఉంటే, జేబులో అయస్కాంతం పెట్టుకు వెళ్ళండి. పుట్టీ పెట్టిన చోట అది సరిగా అంటుకోదు. చిన్న సుత్తితో తట్టినా మంచి ఇనుము ఖణేలుమంటుంది, పుట్టీ అయితే మొద్దుగా పలుకుతుంది.

యాక్సిల్_బాబాయ్:
పైన చెప్పినదంతా సరైనదే గానీ అందరూ వెల్డింగు చూసి యాక్సిళ్ళు మర్చిపోతారు. టైర్ల ఖర్చు మొత్తం అక్కడే ఉంది. టేపు, చాక్‌పీసు, మేస్త్రీల గుండు దారం, ఇవి చాలు.

ఖాళీ ట్రైలర్‌ని చదును నేల మీద ముందు బండితో కాసేపు సూటిగా లాగి, బ్రేకు గట్టిగా వేయకుండా ఆపించండి. ఆ తర్వాత ట్రైలర్‌ని లెగ్గుల మీద నిలిపి ముందు బండి విప్పేస్తే కింగ్ పిన్ కిందికి దారి దొరుకుతుంది. కింగ్ పిన్ మధ్య నుంచి గుండు వదిలి నేల మీద గుర్తు పెట్టండి. మొదటి యాక్సిల్ రెండు చివర్ల నుంచీ, హబ్ క్యాప్ నడిమి నుంచి, అలాగే నేల మీదికి గుర్తు దించండి. పిన్ గుర్తు నుంచి ఎడమకి ఒక కొలత, కుడికి ఒక కొలత. తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. తర్వాత మొదటి యాక్సిల్ నుంచి రెండోదానికి, రెండోదాన్నుంచి మూడోదానికి రెండు పక్కలా కొలవండి, ఇక్కడ ఒకటిన్నర మిల్లీమీటరే అవకాశం. టేపు రెండు వైపులా ఒకేలా బిగపట్టాలి, లేకపోతే టేపు వేలాడి మీకే తేడా వస్తుంది.

తేడా వచ్చినంత మాత్రాన వదిలేయక్కర్లేదు. టార్క్ రాడ్లకి (యాక్సిల్‌ని బీముకి కట్టి ఉంచే కడ్డీలు) మరలు ఉంటాయి, అవి తిప్పి సరిచేస్తారు. చూడాల్సింది ఆ మరలు ఎంతవరకు వాడేశారనేది. ఒక పక్క రాడ్డు పూర్తిగా లోపలికి, ఇంకో పక్కది పూర్తిగా బయటికి తిరిగి ఉండి, అప్పటికీ కొలత కలవకపోతే బీమే మెలికపడింది. దాన్ని ఏ మెకానిక్కూ రాడ్లతో లాగలేడు.

మీకు చూపించినదానికి టైర్లు మార్చేశారన్నారు కదా, దాంతో సగం సాక్ష్యం పోయింది. తీసేసిన టైర్లు ఉంటే చూపించమనండి. లోపలి అంచులే అరిగి ఉంటే యాక్సిల్ ఓవర్‌లోడుకి మధ్యలో కుంగింది. రంపం పళ్ళలా ఒక దిక్కుకి అరిగితే అలైన్‌మెంటు. అక్కడక్కడా గుంటలు పడితే బేరింగు వదులో, బ్యాలెన్సో. కొత్త టైర్లని మురిసిపోకండి, పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. గోదాములో పడి ఉన్న పాత సరుకు కావచ్చు.

హైవే16_రాజు:
కింగ్ పిన్ అరిగితే భయపడక్కర్లేదండి, చాలా చోట్ల వెల్డింగుతో నింపి లేతులో తిప్పి ఇస్తారు. ఖర్చు తక్కువ.

ఆటోనగర్_వెల్డింగ్:
రాజు గారూ, దయచేసి ఆ సలహా ఇక్కడ ఇవ్వకండి. కింగ్ పిన్ హీట్ ట్రీట్‌మెంట్ చేసిన అల్లాయ్ స్టీలు. దాని మీద ఆర్కు తగిలితే ఆ చుట్టూ ఇనుము గాజులా పెళుసవుతుంది. వెనక నలభై టన్నుల బరువుతో బ్రేకు కొట్టినప్పుడు తెగేది అక్కడే. తెగిన ట్రైలర్ ఎటు పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. నింపిన పిన్ కనపడితే అది పిన్ ఖర్చు కాదు, ఆ యజమాని బండిని ఎలా వాడాడో చెప్పే గుర్తు.

కొలవడం తేలికే. ముందు బండి విప్పి, పిన్ మీది గ్రీజు పూర్తిగా తుడిచి వెర్నియర్ పెట్టండి. రెండంగుళాల పిన్ అయితే జాస్ (ఫిఫ్త్ వీల్ దవడలు) పట్టుకునే సన్నటి మెడ కొత్తగా 50.8 మిల్లీమీటర్లు, 49కి వచ్చిందంటే మార్చాలి. పైన లావు భాగం 73 నుంచి 71కి. ముందు నుంచి వెనక్కి ఒకసారి, పక్క నుంచి పక్కకి ఒకసారి కొలవాలి, ఎందుకంటే లాగడం, ఆపడం రెండూ ముందూ వెనకే కాబట్టి అరుగుదల కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. పిన్ బోల్టులతో బిగించిందా, ప్లేటులో వెల్డు చేసిందా చూడండి. బోల్టుదైతే మార్చడం సులువు.

పిన్ చుట్టూ ఉండే రబ్బింగ్ ప్లేటు మీద స్టీలు స్కేలు అంచు ఆనించి పెట్టి వెనక టార్చి వేయండి. స్కేలుకీ ప్లేటుకీ మధ్య వెలుతురు ఎక్కువ దూరుతుంటే ప్లేటు గుంటపడింది. ఫిఫ్త్ వీల్ మీద అది సమంగా కూర్చోదు, మలుపుల్లో ఒక అంచే మోస్తుంది.

గుంటూరు_లోడు:
చాలా ఉపయోగపడింది. తీసేసిన టైర్లు అడిగితే అమ్మేశామన్నారు. రంగు గీకడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఆ బండి ఇంతకుముందు చీమకుర్తి వైపు గ్రానైట్ తిప్పిందట. అది సమస్యా?

యాక్సిల్_బాబాయ్:
సమస్యే, కాకపోతే చూసే చోటు మారుతుంది. కంటైనరు నాలుగు మూలల మీద కూర్చుంటుంది, బరువు ఆ నాలుగు చోట్లకీ పంచుకుంటుంది. గ్రానైట్ బ్లాకు అలా కాదు, మధ్యలో రెండు దుంగల మీద మొత్తం బరువు దిగుతుంది. వైజాగ్ స్టీల్ కాయిల్స్ వేసినా ఇదే కథ. డెక్కు ఒక చివర నుంచి మరో చివరకి గట్టి దారం బిగించి కట్టండి, ఎడమ అంచున ఒకసారి, కుడి అంచున ఒకసారి. ఫ్లాట్‌బెడ్‌లు చాలావరకు ఖాళీగా ఉన్నప్పుడు మధ్యలో కాస్త పైకి ఉబ్బెత్తుగా ఉండేలా కడతారు, అంటే మధ్యలో డెక్కు దారాన్ని పైకి నెట్టాలి. దారం కింద వేలు దూరేంత సందు కనపడితే బీము కుంగిపోయింది. రెండు పక్కలా వేర్వేరుగా ఉంటే మెలిక. కింద పడుకుని క్రాస్ మెంబర్లు కూడా చూడండి, మధ్యవి రెండు మూడు వంగి మిగతావి సూటిగా ఉంటే దుంగలు పెట్టిన చోటు అదే.

మీది కంటైనర్ పని కాబట్టి ట్విస్ట్ లాకుల (కంటైనరు మూలల్ని పట్టే తాళాలు) కొలత కూడా తీసుకోండి. 40 అడుగులకి ముందు వెనక కేంద్రాల మధ్య 11,985 మిల్లీమీటర్లు, అడ్డంగా 2,259. 20 అడుగులకి 5,853. రెండు కర్ణాలూ సమానంగా రావాలి. గ్రానైట్ బండికి తర్వాత లాకులు అతికిస్తే ఇక్కడే తప్పుతారు. కొలత తప్పితే పోర్టులో కంటైనరు దింపేటప్పుడు ఒక లాకు పడదు, అక్కడ క్రేన్ ఆపరేటర్‌తో గొడవ మీకే.

కాటా_శీను:
బెజవాడలో వేబ్రిడ్జికి కొరత లేదు, ట్రైలర్ ఒక్కదాన్నీ తూయించండి. ముందు బండితో కలిపి ఒకసారి, ముందు బండి ఒక్కటే ఒకసారి, తీసేస్తే ట్రైలర్ బరువు. ఆర్‌సీలో ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానితో పోల్చండి. టన్ను ఎక్కువ వచ్చిందంటే ఆ టన్ను ఇనుము ప్యాచ్‌ల రూపంలో ఎక్కడో ఉన్నట్టే, అదెక్కడో వెతకాలి. 2018లో యాక్సిల్ బరువుల రూల్ మారాక మూడు యాక్సిళ్ళ సెట్టుకి 27 టన్నులు, మొత్తం కాంబినేషనుకి ఎక్కువలో ఎక్కువ 55 టన్నులు. ఖాళీ బరువు పెరిగిన ప్రతి కిలో ఆ లెక్కలోంచే పోతుంది, కిరాయి మాత్రం సరుకు బరువుకే ఇస్తారు.

హైవే16_రాజు:
బ్రేకుల గురించి ఎవరూ రాయలేదు. కంప్రెసర్‌తో గాలి 8 బార్ దాకా నింపి ఇంజను ఆపి ఎర్ర పైపు (ట్రైలర్ ట్యాంకుకి గాలి), పసుపు పైపు (బ్రేకు నొక్కే గాలి) రెండూ తగిలించి ఉంచండి. బ్రేకు నొక్కకుండా నిమిషంలో 3 పీఎస్‌ఐ, నొక్కి పట్టుకుంటే 4 పీఎస్‌ఐ మించి పడిపోతే లీకు. సబ్బు నీళ్ళు జల్లితే ఎక్కడో తెలుస్తుంది. తర్వాత ఎర్ర పైపు ఊడదీయండి, ట్రైలర్ చక్రాలు వెంటనే పట్టేయాలి. పట్టకపోతే ఎమర్జెన్సీ వాల్వు పోయినట్టే, రోడ్డెక్కించకూడదు.

బ్రేకు చాంబర్ (గాలితో బ్రేకు నొక్కే డబ్బా) పుష్ రాడ్ ఎంత బయటికి వస్తోందో చాక్‌పీసు గీత పెట్టి చూడండి. 30 టైపు చాంబర్‌కి 50 మిల్లీమీటర్ల దగ్గరకొస్తే స్లాక్ అడ్జస్టరు (పుష్ రాడ్ ఆట సరిచేసే లివరు) సరిచేయాలి. సరిచేసినా మళ్ళీ అంతే వస్తుంటే క్యామ్ బుష్షులు పోయాయి. ఒక్కో చక్రం జాకీ ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి, కొట్టుకుంటే బేరింగు. యూ బోల్టుల చుట్టూ ఎర్ర పొడిలా రాలుతుంటే అవి వదులై కమాన్ కట్ట కదులుతోంది.

ఆటోనగర్_వెల్డింగ్:
కొత్తదాని మీద కూడా ఒక మాట. రంగు పడకముందే చూడగలుగుతున్నారు, ఆ అదృష్టం వదులుకోకండి. స్టీలు గ్రేడు ఏదని అడగండి. ఐఎస్ 2062లో ఈ250 మామూలు ఇనుము, ఈ350, ఈ450 బలమైనవి. నోటిమాట వద్దు, ప్లేటుతో పాటు మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్‌లోని హీట్ నంబరు (ఏ పోతలో కరిగించిన ఇనుమో చెప్పేది), ప్లేటు మీద కొట్టిన నంబరు కలవాలి. వెబ్, ఫ్లాంజ్ కలిసే చోట రెండు పక్కలా ఆగకుండా వెల్డింగు ఉండాలి, చుక్కలు చుక్కలుగా కాదు. వెల్డింగు అంచున గోరు పెడితే గాడి తగలకూడదు. ప్లేటు మీద నల్లటి మిల్ పొర అలాగే ఉంచి ప్రైమర్ కొడుతున్నారేమో చూడండి. ఇసుకతో గానీ గ్రిట్‌తో గానీ బ్లాస్టింగ్ చేయకపోతే పోర్టు ఉప్పుగాలికి ఒక్క వర్షాకాలంలో పొరలు పొరలుగా లేస్తుంది. వెనక అండర్‌రన్ గార్డు (వెనక నుంచి కార్లు కిందికి దూరకుండా ఆపే అడ్డకడ్డీ) అడుగు అంచు నేల నుంచి 550 మిల్లీమీటర్లు దాటకూడదు, తనిఖీలో అది చూస్తారు. కట్టే షాపుకి ట్రైలర్ టైప్ అప్రూవల్ ఉందో లేదో కాగితం చూడండి. లేకపోతే రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కుంటారు.

కాటా_శీను:
పాతదే తీసుకుంటే డబ్బులిచ్చే ముందు చాసిస్ నంబరు పెన్సిల్‌తో కాగితం మీద రుద్ది ఆర్‌సీతో పోల్చండి. నంబరు చుట్టూ గ్రైండింగ్ గీతలుంటే ఆగండి. ఫైనాన్స్ ఉంటే ఫారం 35 (లోను తీరిందని ఫైనాన్స్ వాళ్ళిచ్చేది), వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్‌వోసీ. పేరు మార్పు ఫారం 29, 30 మీద సంతకాలు అడ్వాన్సు ఇచ్చే రోజే తీసుకోండి, బ్యాలెన్సు రోజుకి వాయిదా వేయకండి.