మెట్‌ఫార్మిన్ మెదడును దెబ్బతీస్తుందా?

రేగుపువ్వు: వయసు డెబ్బై రెండు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రెండు పూటలా, పొద్దున గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంకె) 41. ఈమధ్య మతిమరుపు, అరికాళ్ళలో తిమ్మిర్లు. మెట్‌ఫార్మిన్ వల్ల మెదడు పాడవుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆపేయాలా?

మందులచీటీ: మీ అంతట మీరు ఆపకండి. మెట్‌ఫార్మిన్ నేరుగా మెదడు కణాలను చంపే మందు కాదు. అది చేసే చెరుపు చిన్నపేగు చివరి భాగంలో విటమిన్ బి12 ఒంటబట్టడాన్ని తగ్గించడం. ఏళ్ళ తరబడి, పెద్ద మోతాదులో వాడేవాళ్ళలో ఇది ఎక్కువ. తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు మూడూ బి12 లోపంతో రావచ్చు. తిమ్మిర్లు షుగర్ వల్ల కూడా వస్తాయి కాబట్టి పరీక్ష లేకుండా తేలదు.

బి12 ఒక మి.లీ.కి 200 పికోగ్రాముల లోపుంటే లోపమే. 200–300 మధ్య ఉంటే మిథైల్‌మలోనిక్ యాసిడ్ (బి12 చాలకపోతే రక్తంలో పెరిగే పదార్థం) కూడా చూడాలి. రక్తం ముందు ఇచ్చి, బి12 మాత్రలు ఆ తర్వాతే మొదలుపెట్టండి. లేకపోతే అంకె పెరిగి లోపం దాగిపోతుంది. హిమోగ్లోబిన్ బాగుందని నిశ్చింతగా ఉండొద్దు. ఫోలిక్ యాసిడ్ వేసుకుంటుంటే రక్తహీనత కనబడదు, నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది.

ఇంకోటి, ఈజీఎఫ్ఆర్ 41కి రోజుకు 2000 మి.గ్రా. ఎక్కువ. 45 కిందికి దిగితే మామూలుగా 1000కి తగ్గిస్తారు, 30 కిందికైతే ఆపేస్తారు. డాక్టరుకు ఆ రిపోర్టు చూపించండి.

రాత్రిడ్యూటీ: అందరూ మెట్‌ఫార్మిన్ మీదే పడ్డారు. రేగుపువ్వు వాడే మందుల్లో నాకు భయం పుట్టించేది గ్లిమెపిరైడ్. షుగర్ ఎంతున్నా సరే, అది ఇన్సులిన్‌ను వదిలిస్తూనే ఉంటుంది. కిడ్నీ మందగిస్తే ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ మందుల కుటుంబంలోనే గ్లిబెన్‌క్లమైడ్ ఇంకా మొండిది, వయసు మళ్ళినవాళ్ళకు వద్దనే అంటారు.

షుగర్ 54 కిందికి పడితే మెదడుకు ఇంధనం చాలదు. తికమక, మాట తడబాటు, ఒక్కోసారి అచ్చం పక్షవాతంలా ఒక పక్క చచ్చుబడటం. అందుకే అలాంటి లక్షణం కనబడితే మొదట గ్లూకోమీటర్ పెట్టాలి. మరీ కిందికి పడి గంటల తరబడి అలాగే ఉంటే జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలోని కణాలు, మెదడు పై పొర కణాలు చచ్చిపోతాయి, అవి తిరిగి రావు. మాత్ర వేసుకుని టిఫిన్ మానేయడం, వాంతులు, ఫ్లుకోనజోల్ (ఫంగస్ మందు), క్లారిత్రోమైసిన్, కోట్రిమోక్సజోల్ (యాంటీబయాటిక్‌లు) లాంటి మందులు మధ్యలో తోడవడం సాధారణంగా కొంప ముంచే సందర్భాలు. బీటా బ్లాకర్ (బీపీకి, గుండెకు ఇచ్చే ఒక రకం మందు) వాడేవాళ్ళకు గుండెదడ, వణుకు తెలియవు; చెమట మాత్రం పడుతుంది.

రేగుపువ్వు: షుగర్ పడిపోతే పంచదార నోట్లో వేస్తే సరిపోతుందా? వోగ్లిబోస్ అనే షుగర్ మాత్ర కూడా రాసిచ్చారు.

రాత్రిడ్యూటీ: వోగ్లిబోస్ ఉంటే పంచదార నమ్మొద్దు. దాన్ని విడగొట్టే ఎంజైమునే ఆ మందు అడ్డుకుంటుంది. గ్లూకోజ్ పొడి 15 గ్రాములు నీళ్ళలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. 70 దాటకపోతే ఇంకోసారి. దాటాక అన్నమో రొట్టో పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆంబులెన్సే. గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళలో గ్లూకోజ్ సెలైన్‌తో ఒకసారి పైకి లేచిన షుగర్ కొన్ని గంటల్లో మళ్ళీ పడుతుంది. కనీసం ఒక రోజు ఆస్పత్రిలో ఉంచమనండి, వెంటనే ఇంటికి పంపించుకోవద్దు.

మందులచీటీ: ఒక విడ్డూరం. ఇదే గ్లిబెన్‌క్లమైడ్‌ను రక్తనాళంలోకి ఎక్కించి, పెద్ద స్ట్రోక్ తర్వాత వచ్చే మెదడు వాపును తగ్గించగలమా అని పరీక్షించారు. వాపు పెంచే ఒక చానెల్‌ను (కణాల గోడలోని దారిని) అది మూసేస్తుంది. 2024లో వెలువడిన మూడో దశ ఫలితాల్లో రోగులు కోలుకోవడంలో మేలు కనబడలేదు. కాబట్టి "ఇది మెదడుకు మంచిదట" అని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే దాన్నీ పక్కన పెట్టండి. ముందు బి12, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చేయించండి. ఈ వయసులో హెచ్‌బీఏ1సీ 6.5 కన్నా తక్కువ వస్తే సంబరపడొద్దు, గ్లిమెపిరైడ్ తగ్గించాలేమో డాక్టర్ని అడగండి.